సీసా, నీళ్లు, సైకిల్ పంపు: పిల్లలకు గాలి రాకెట్టు చేసిపెట్టే పద్ధతి

మన సంఘాల ఆదివారం తెలుగు తరగతులకు వచ్చే పిల్లల్లో పదేళ్లు దాటినవాళ్లు ఈ మధ్య ఒక కొత్త కోరిక కోరుతున్నారు. ప్లాస్టిక్ గొట్టంలో గాలి బిగించి బంగాళాదుంపనో బంతినో దూరంగా కొట్టే యంత్రాన్ని ఫోనులో చూశారట. అలాంటిది మనమూ చేద్దామంటున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. వస్తువు ఎలా పనిచేస్తుందో చేతులతో తెలుసుకోవాలన్న కోరిక మంచిదే. కాకపోతే ఆ యంత్రం ఇంట్లో చేయదగ్గది కాదు. అదే గాలితో, అంతకంటే సరదాగా, క్షేమంగా చేసుకోగల వస్తువు మరొకటి ఉంది. అదే నీటి రాకెట్టు. ఏది వద్దు, ఎందుకు వద్దు, ఏది చేయాలి, ఎలా చేయాలి అన్నవి పెద్దలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా వద్దనే మాట

2025 దీపావళి రోజుల్లో భోపాల్‌లోనూ మధ్యప్రదేశ్‌లోని ఇతర ఊళ్లలోనూ వందమందికి పైగా కళ్ల గాయాలతో ఆసుపత్రులకు వచ్చారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. కొందరికి చూపు పోయింది. కారణం, కార్బైడ్ గన్ అని పేరుపెట్టి బజారులో తక్కువ ధరకు అమ్మిన ప్లాస్టిక్ గొట్టం. కార్బైడుకు నీరు తగిలితే ఎసిటలీన్ అనే వాయువు పుడుతుంది. అది అంటుకుంటే పేలుతుంది. పేలడం ఆలస్యమైతే ఏమైందోనని గొట్టంలోకి తొంగిచూడడం పిల్లల సహజ లక్షణం. ఆ క్షణంలోనే పేలితే మంట, వేడి, సున్నపు గుణమున్న పొడి మూడూ ఒకేసారి కంట్లో పడతాయి. ఏ రాష్ట్రంలో ఉన్నా, ఎవరు తెచ్చినా, ఈ వస్తువును ఇంట్లోకి రానివ్వకండి.

"మాది నిప్పు లేనిది, ఉత్త గాలే కదా" అని పిల్లలు వాదిస్తారు. అక్కడే అసలు విషయం ఉంది. బిగించిన గాలి చూడ్డానికి ఖాళీగా కనబడుతుంది గానీ అది ఖాళీ కాదు, ముడిచిపెట్టిన స్ప్రింగు లాంటిది. ఒక లీటరు పట్టే పాత్రలో, పంపు మీటరు 40 చూపేదాకా గాలి బిగిస్తే అందులో దాగి ఉన్న శక్తి, ఇరవై కిలోల బియ్యం సంచి సుమారు మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తితో సమానం. సంచి పడుతుంటే మనం పక్కకు తప్పుకుంటాం. గాలి ఎప్పుడు విడుదలవుతుందో కంటికి కనబడదు.

ఆ గాలిని పీవీసీ గొట్టంలో బిగించడం మరీ ప్రమాదం. నీళ్ల పైపు మీద 4 కిలోలు, 6 కిలోలు అని అచ్చు వేసి ఉంటుంది. అది చదివి "ఆరు కిలోలు తట్టుకుంటుందట, మనం మూడే పెడుతున్నాం" అనుకుంటారు. ఆ అంకె నీటికి వేసినది. నీరు నలగదు, కాబట్టి దానిలో శక్తి దాగదు. నీటి పైపు పగిలితే నీళ్లు చిమ్మి ఒత్తిడి అక్కడికక్కడే పడిపోతుంది. గాలి నింపిన పైపు పగిలితే లోపలి గాలంతా ఒక్కసారి వ్యాకోచించి ముక్కలను విసిరేస్తుంది. పీవీసీ పెళుసు. చీలికతో ఆగదు, గాజులా ముక్కలవుతుంది. డాబా మీద కొన్నేళ్లు ఎండకు ఎండిన పాత పైపు ఇంకా పెళుసు. అతుకు వేసిన జాయింట్ల సంగతి చెప్పనక్కర్లేదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం, బయటికి వచ్చే వస్తువు శక్తి 20 జౌళ్లు దాటితే ఆ గాలి తుపాకీకి లైసెన్సు కావాలి. రెండు కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి అంత. పైన చెప్పిన బియ్యం సంచిలో అది పదో వంతు. అంటే ఆటకని చేసిన గొట్టం తెలియకుండానే ఆ గీత దాటగలదు. గొట్టంలో గట్టి వస్తువు పెట్టి గురిచూసి కొట్టే ఏ పరికరమూ పిల్లల ఆట కాదు. ఈ గీత ఇంట్లో అందరికీ ఒకేలా చెప్పాలి.

గాలి తోసే సూత్రం

గాలితో వస్తువును తోయడం మనకు కొత్త కాదు. ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న బస్తర్‌లో, జగదల్‌పూర్ గోంచా పండుగ రోజున, అంటే జగన్నాథ రథయాత్ర సమయంలో, సన్నని వెదురు గొట్టాలలో అడవి కాయలు పెట్టి పేలుస్తారు. దాన్ని తుపకి అంటారు. మన తుపాకి అన్న మాటే అది. గొట్టానికి ఈ చివర ఒక కాయ, ఆ చివర ఒక కాయ ఉంటాయి. వెనక కాయను పుల్లతో తోస్తే మధ్యలో చిక్కిన గాలి నలుగుతుంది. ముందు కాయ పట్టు కంటే గాలి బలం ఎక్కువైన క్షణాన అది టప్పున ఎగిరిపోతుంది.

నీటి రాకెట్టులో జరిగేదీ ఇదే. తేడా ఏమంటే ఇక్కడ ఎగిరేది కాయ కాదు, గొట్టమే. కూల్‌డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, మూతికి రబ్బరు బిరడా బిగించి, తలకిందులుగా నిలబెట్టి, బిరడాలోంచి పంపుతో గాలి ఎక్కిస్తాం. గాలి పైకి చేరి నీటిని కిందికి నొక్కుతుంది. బిరడా పట్టు వదిలిన క్షణాన నీరు కిందికి చిమ్ముతుంది, సీసా పైకి లేస్తుంది. ఒకదాన్ని వెనక్కి తోస్తే అది మనల్ని ముందుకు తోస్తుందని న్యూటన్ 1687లో అచ్చువేసిన గ్రంథంలో చెప్పిన మూడో సూత్రం ఇదే. పడవలోంచి గట్టు మీదికి దూకినప్పుడు పడవ వెనక్కి జరగడం యానాం పిల్లలకు చూపించి చెప్పవచ్చు. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్టుదీ ఇదే సూత్రం. అక్కడ నీటికి బదులు మండిన వాయువు వెనక్కి చిమ్ముతుంది.

నీళ్లు ఎందుకు అని పిల్లలు అడుగుతారు. గాలి తేలిక. ఉత్త గాలి బయటికి పోతే సీసాను తోసే బలం క్షణంలో అయిపోతుంది. నీరు బరువు. అదే గాలి ఆ బరువైన నీటిని వెనక్కి తోయాలి కాబట్టి సీసాకు ఎక్కువ తోపు దక్కుతుంది. అలాగని సీసా నిండా నీళ్లు పోస్తే తోసేందుకు గాలికి చోటుండదు. అందుకే మూడో వంతు.

బిరడా పద్ధతే ఎందుకు

క్లిప్పులు, మీటలు పెట్టి అనుకున్నప్పుడు వదిలే రకాలు కూడా ఉన్నాయి. మొదటిసారి చేసేవారికి బిరడా పద్ధతే మేలు. ఇందులో ఒత్తిడికి దానంతట అదే ఒక హద్దు ఏర్పడుతుంది. సీసా మూతి లోపలి వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. మీటరు 40 చూపినప్పుడు బిరడా మీద పడే బలం దాదాపు 11 కిలోలు. చేత్తో బిగించిన బిరడా మామూలుగా ఆ లోపే పట్టు వదులుతుంది. అప్పుడు బయటికి చిమ్మే నీటి వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటుతుంది. ఆటకు అది చాలు.

పంపు మీటరు అంకెలు మనకు తెలిసినవే. కారు టైరుకు 30, 35 పెట్టమంటామే, అవే. మూత తీయని కూల్‌డ్రింకు సీసాలో గది వేడికే 50 దగ్గర ఒత్తిడి ఉంటుంది. సీసాను తయారుచేసిందే దాన్ని తట్టుకోవడానికి. మనం 40కి మించకుండా ఉంటే సీసా తన అలవాటు పనే చేస్తుంది.

కావలసినవి

ఒకటి, గ్యాసు కూల్‌డ్రింకు వచ్చే సీసా. లీటరుంబావు గానీ రెండు లీటర్లు గానీ. మంచినీళ్ల సీసా పనికిరాదు, దాని గోడ పలచన. గాజు సీసా, లోహపు డబ్బా అసలే కూడదు. సీసా మీద గీతలు, తెల్లటి మడతలు, సొట్టలు ఉండకూడదు.

రెండు, మూతికి సరిపడే రబ్బరు బిరడా. స్కూలు ప్రయోగశాలల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. మూతిలోకి సగం వరకు దిగి బిగుసుకోవాలి.

మూడు, ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే సూది. బిరడా మధ్యగా గుచ్చితే మొన అవతల కనబడాలి. బిరడా పొడవైతే వెడల్పు వైపు కొంత కోయించండి. సూది గుచ్చే పని పెద్దలదే.

నాలుగు, మీటరున్న సైకిల్ పంపు. కాలితో తొక్కిపట్టి కొట్టేది. పెట్రోలు బంకు గాలి గానీ కంప్రెసరు గానీ వద్దు. చేతి పంపుతో ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది, ఆపాలనుకున్నచోట ఆపవచ్చు.

అయిదు, పంపు గొట్టం పొడవు పెంచడానికి నాలుగైదు మీటర్ల గట్టి రబ్బరు గొట్టం, క్లిప్పులు. పంపు దగ్గర ఒక టీ జాయింటు, దానికి చిన్న కుళాయి. సైకిల్ షాపులో చూపించి అడిగితే బిగించి ఇస్తారు. ఈ కుళాయి ఎందుకో కిందన చెబుతాను. ఇది లేకుండా మాత్రం మొదలుపెట్టవద్దు.

ఆరు, రెక్కలకు పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట, వెడల్పు టేపు, ముక్కుకు స్పాంజి బంతి, మూడు నున్నటి వెదురు కర్రలు, రెండు ఇటుకలు.

ఏడు, గ్రైండింగు పనివాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు. హార్డ్‌వేర్ దుకాణంలో ఉంటాయి. పంపు కొట్టేవారికీ పక్కన నిలబడేవారికీ తలా ఒకటి.

తయారీ

సీసా మూతి కిందికి ఉంటుంది, అడుగు పైకి. అడుగు మీద సగానికి కోసిన స్పాంజి బంతిని టేపుతో అతికించండి. ముక్కు మొనదేలి ఉంటే అందంగా ఉంటుందని పిల్లలంటారు. ఒప్పుకోవద్దు. పైకి వెళ్లింది కిందికి రావాలి, అది ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. మెత్తటి గుండ్రటి ముక్కే ఉండాలి. గోలీలు, ఇనుప ముక్కలు, రాళ్లు బరువుకోసం పెట్టకూడదు. బరువు చాలకపోతే స్పాంజి లోపల కాస్త బంకమట్టి కూరండి.

ఫైలు అట్టతో ఒకే కొలత రెక్కలు మూడు కోసి, మూతి వైపు సమాన దూరంలో టేపుతో అతికించండి. వేడి జిగురు వాడవద్దు, వేడికి సీసా గోడ బలహీనపడుతుంది. రెక్కలు కుదిరాయో లేదో చూడడానికి ఖాళీ సీసాను అడ్డంగా వేలి మీద నిలపండి. అది నిలిచే చోటు సీసా మధ్య కంటే ముక్కు వైపు ఉండాలి. మూతి వైపు ఉంటే రాకెట్టు గాలిలో పల్టీలు కొడుతుంది. అప్పుడు ముక్కుకు ఇంకొంచెం మట్టి పెట్టండి, లేదా రెక్కలు పెద్దవి చేయండి.

ఎగరేయడం

స్థలం ముఖ్యం. స్కూలు మైదానం లాంటిది కావాలి, నలువైపులా కనీసం యాభై మీటర్ల ఖాళీ ఉండాలి. అపార్ట్‌మెంటు ఆవరణ, డాబా, వీధి పనికిరావు. పైన కరెంటు తీగలుండకూడదు, దగ్గరలో విమానాశ్రయం ఉండకూడదు. గాలి జోరుగా వీచే రోజు మానుకోవాలి.

ఇటుకలు రెండూ కొద్ది ఎడంగా పెట్టి, మధ్యలో మూతి, గొట్టం పట్టేలా చూడండి. చుట్టూ మూడు కర్రలు నిటారుగా పాతితే సీసా వాటి మధ్య జారుతూ పైకి లేస్తుంది. రెక్కలు కర్రల మధ్య సందుల్లో ఉండాలి. లీటరుంబావు సీసాలో 400 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, బిరడాను తడిపి, తిప్పుతూ చేత్తో బిగించి, సీసాను తలకిందులుగా నిలబెట్టండి. సుత్తితో కొట్టి బిగించకూడదు. అలా చేస్తే పైన చెప్పిన హద్దు పోతుంది.

ఇక అందరూ వెనక్కి. చూసేవాళ్లు పది మీటర్లు దాటి ఉండాలి. పంపు దగ్గర ఒక పెద్దవారు, ఒక పిల్లో పిల్లవాడో, ఇద్దరే. మీటరు అంకెలను పిల్లలు పైకి చదవాలి. ఇరవై, పాతిక, ముప్పై అని తెలుగులోనే. చాలాసార్లు ముప్పై దాటగానే సీసా నీళ్లు చిమ్ముతూ రెండు మూడంతస్తుల ఎత్తు లేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది: మీటరు 40కి వచ్చినా బిరడా ఊడకపోతే పంపు ఆపాలి. సీసా దగ్గరికి ఎవ్వరూ వెళ్లకూడదు. కదిలించకూడదు, తొంగిచూడకూడదు. పంపు దగ్గర ఉన్న కుళాయి మెల్లగా తిప్పండి. సూది నీటిలో ఉంది కాబట్టి ముందు నీళ్లు, తర్వాత గాలి బయటికి వస్తాయి. మీటరు సున్నా చూపి, కుళాయి చప్పుడు పూర్తిగా ఆగిన తర్వాతే దగ్గరికి వెళ్లి బిరడాను కొంచెం వదులుగా బిగించి మళ్లీ మొదలుపెట్టండి. భోపాల్‌లో పిల్లల కళ్లు పోయింది పేలనిదాన్ని తొంగిచూసినప్పుడే. ఈ ఒక్క అలవాటు నేర్పగలిగితే ఈ ఆటకు పెట్టిన ఖర్చంతా దక్కినట్టే.

పది సార్లు ఎగరేశాక సీసా మార్చండి. ఒకసారి నేలకు గట్టిగా కొట్టుకుని సొట్టపడినా మార్చండి. సీసాకు ఏమీ ఖర్చు లేదు.

రిజిస్టరు రాయించండి

ఎగరేసి చప్పట్లు కొట్టి వదిలేస్తే ఆటే అవుతుంది. లెక్క రాస్తే చదువు అవుతుంది. ఒక నోటుబుక్కులో గీతలు కొట్టి వరుస సంఖ్య, పోసిన నీళ్లు, ఎగిరినప్పటి మీటరు అంకె, గాలిలో ఉన్న సెకన్లు, వ్యాఖ్య అని అయిదు గడులు పెట్టండి. నీళ్లు లేకుండా ఒకసారి, 200 మిల్లీలీటర్లతో ఒకసారి, 400, 600, 800తో ఒక్కోసారి. మీటరు అంకె దగ్గర దగ్గరగా వచ్చిన వరుసలనే పోల్చాలి. నీళ్లు పెంచుకుంటూ పోతే సెకన్లు కొంతవరకు పెరిగి తర్వాత తగ్గడం పిల్లలు తమంతట తామే కనిపెడతారు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి అన్న నియమం వాళ్లకు అప్పుడే అర్థమవుతుంది.

ఆ గడులు తెలుగులో రాయించండి. మన పిల్లలు సైన్సు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. ఇంట్లో తెలుగు కూరలకీ పలకరింపులకీ మిగిలిపోతోంది. ఒత్తిడి, తోపు, బరువు, వేగం, రాపిడి అన్న మాటలు చేతిలో పనితో కలిసి వస్తే మరచిపోరు. ఇంజనీరింగు తెలియని తాతయ్యా అమ్మమ్మా కూడా ఈ మాటలు చెప్పగలరు.

సంఘంగా చేయదలచుకుంటే ఆగస్టు 23 మంచి రోజు. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన ఆ రోజును జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుతున్నారు. దీపావళికి ముందే పిల్లల చేతికి ఇది అందితే ఆ గొట్టాల మీద మోజు కొంత తగ్గుతుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం వారు 2015లో నీటి రాకెట్టును 830 మీటర్ల ఎత్తుకు పంపారు. ఆ సంగతి పిల్లలకు చెప్పండి. వారు వాడింది కూల్‌డ్రింకు సీసా కాదనీ, కార్బన్ ఫైబర్‌తో ప్రత్యేకంగా చేసినదనీ కూడా తప్పక చెప్పండి.

కంటికి దెబ్బ తగిలితే

ఏ ఆటలోనైనా కంటికి వస్తువు తగిలితే నలపకూడదు, నొక్కకూడదు, గుచ్చుకున్నది లాగకూడదు. కంటికి తగలకుండా కాగితపు కప్పు లాంటిది అడ్డంపెట్టి వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. సున్నం, కార్బైడు, టపాసు మందు పడితే మాత్రం ముందు శుభ్రమైన నీటితో, రెప్పలు తెరిచి పట్టుకుని, పావుగంటకు తగ్గకుండా కడగాలి. ఆ తర్వాతే ఆసుపత్రి. పసరులు, చుక్కల మందులు ఇంట్లో వేయవద్దు.

పిల్లలు అడిగినప్పుడల్లా వద్దు అనడం తేలిక. వద్దన్నది చాటుగా చేస్తారు. మన కళ్ల ముందు, మన చేతులతో కలిసి చేయించడమే దానికి విరుగుడు. సీసా ఇంట్లోనే ఉంది. బిరడా, సూది, గొట్టం, కుళాయి, కళ్లద్దాలు కొనుక్కోవాలి. వాటిలో దేన్నీ తగ్గించవద్దు, ముఖ్యంగా కుళాయినీ కళ్లద్దాలనూ.